కూకున్నాను

శివాజీ ఫోను చేసి, సింగిల్ హ్యాండ్ బండి ఒకటి తగిలిందనీ, రేపు పొద్దున్నే గజపతినగరం వచ్చెయ్యమనీ చెప్పాడు.

పాత బళ్ళ బేరంలో సింగిల్ హ్యాండ్ అన్న మాటకి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. కొన్ననాటి నుంచి అమ్మేనాటి దాకా ఒక్క చెయ్యే దాన్ని నడిపిందని అర్థం. బండి అమ్మేవాడెవడైనా ఆ మాటే అంటాడు. వాళ్ళని నమ్మితే, మన జిల్లాలో ఏ బావమరిదీ ఏ బావ బండీ ఎరువడిగిన పాపాన పోలేదనుకోవాలి. అయితే శివాజీ ఇరవై ఏళ్ళుగా మెకానిక్కు, ఏసుదానం దగ్గర కోతలు కొయ్యడు. ఇంకొకప్పుడైతే ఏసుదానం మోడలేది, మైలేజీ ఎంత, ఇంజను ఎప్పుడైనా విప్పారా అని పది ప్రశ్నలు వేసేవాడు. ఇప్పుడు మాత్రం సరేనని ఫోను జేబులో పెట్టుకుని, సగంలో ఉన్న గోడ ప్లాస్టరింగు వేసుకుంటూ ఉండిపోయాడు.

ఈ పదకొండు నెలలుగా అతను దేనికైనా సరే అంటున్నాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందంటాడు. ఉప్పు వెయ్యడమే మరిచిపోయామని వండినవాళ్ళు తర్వాత చెబితే, దానికీ సరే అంటాడు. తాపీమేస్త్రి చెయ్యి పాతికేళ్ళు సిమెంటులో నాని నాని మొద్దుబారుతుంది. వేడి టీ గ్లాసు పట్టుకున్నా చురుకు తెలియదు. అతని చేతికి ఉన్న ఆ మొద్దుతనం ఇప్పుడు మనిషంతా పాకింది. భార్య ఏసమ్మ సమాధి అతనే స్వయంగా కట్టాడు. మట్టపలక పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు. గచ్చు ఎంత నున్నగా వచ్చిందో అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అతనికి ఏడుపు రాలేదు. రాలేదని బాధా కలగలేదు.

నలభై తొమ్మిదేళ్ళ ఏసుదానం తన ఊళ్ళో క్రైస్తవులుండే మిషను వీధిలోనే పుట్టాడు. చర్చి గంటగోపురానికి మొన్నమొన్న మరమ్మతు చేసింది అతనే. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు ఇల్లు కట్టుకున్నా అతని తాపీ పడాల్సిందే. మాట తక్కువ, పని ఎక్కువ. ఏసమ్మకి మాట ఎక్కువ, పాట ఇంకా ఎక్కువ. చర్చిలో ఆడవాళ్ళ ముందు వరసలో నిలబడి ఆవిడ ఎత్తుకుంటే తప్ప పాట పైకి లేచేది కాదు.

వాళ్ళ గురించి మిషను వీధిలో ఒక కథ ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ నెల్లిమర్ల వెళ్ళి వస్తూ పెట్రోలు బంకు దగ్గర ఆగారట. పెట్రోలు కొట్టించాక ఏసుదానం బండెక్కి, వెనకాల పెళ్ళాం ఉందనుకుని, కాపురానికి కావలసిన సామాను గురించి ఏకధాటిగా మాట్లాడుకుంటూ మైలు దూరం వెళ్ళిపోయాడట. అసలే మాట తక్కువ మనిషి. జన్మకో శివరాత్రన్నట్టు ఆ ఒక్కరోజు నోరు విప్పితే వినడానికి వెనకాల ఎవరూ లేరు. ఏసమ్మ బంకులోనే నిలబడి ఉంది. ఆ కథ ఇరవై రెండేళ్ళు వీధిలో నలిగింది. చెప్పిన ప్రతిసారీ అందరికంటే ఎక్కువ నవ్వింది ఏసమ్మే.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు. బండి స్టార్టు చేసి, గేరులో వేసి, క్లచ్ పట్టుకుని అతను ఆగుతాడు. ఆవిడ అతని భుజం ఆనుకుని ఎక్కి, పక్కకి తిరిగి కూర్చుని, కుచ్చిళ్ళు ఒడిలోకి లాక్కుని, అంతా సర్దుకున్నాక "ఎనకాల కూకున్నాను" అంటుంది. ఆ మాట చెవిన పడితేనే క్లచ్ వదలాలి. కూతురు షాలిని నర్సు చదువుకెళ్ళి, టౌను పలుకు నేర్చుకుని, తనూ బండెక్కి "కూర్చున్నాను" అంటే, ఆ ముక్కకి మీ నాన్న బండి కదలదే అని ఏసమ్మ ఆటపట్టించేది.

కిందటేడు ఒక నెల మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం రోజు, ఏసమ్మ తెల్లచీర కట్టుకుంది. చర్చికి ఆలస్యంగా వెళ్ళడంతో ముందు వరసలో చోటు దొరకలేదు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఏసుదానం బండి గేరులో వేసి ఎదురుచూస్తున్నాడు. లోపల మైకులో ఇంకా ప్రకటనలు చదువుతున్నారు. ఏసమ్మ ఒక కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి అతని భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడే పాస్టరుగారి భార్య ప్రిస్కిల్లమ్మగారు అటుగా వస్తూ, ఈవేళ ముందు కనపడలేదేమని పలకరించింది. ఏసమ్మ తల అటు తిప్పి జవాబు చెప్పింది.

"లేటైపోనాదమ్మగారూ. ఎనకాల కూకున్నాను."

మైకు హోరులో అతనికి చివరి రెండు మాటలే వినపడ్డాయి. క్లచ్ వదిలాడు.

ఆవిడ తల గేటు దిమ్మకి కొట్టుకుంది. ఆ దిమ్మ కూడా అతను కట్టిందే. ఆ మాట తనతో అన్నది కాదని, కేక వేస్తూ వచ్చిన ప్రిస్కిల్లమ్మగారిని చూశాకే అతనికి తెలిసింది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆటో గంగులుది. దారిలో గంగులు, క్లచ్ వైరుగాని తెగి బండి దూకిందా అని అడిగాడు. ఏసుదానం తల ఊపాడు. అంతే చేశాడు. ఆ తల ఊపడం సాయంత్రానికి వీధంతా పాకి, మర్నాటికి షాలిని దాకా వెళ్ళి, క్లచ్ వైరు తెగిందన్నది ఖాయమైపోయింది. వైరు తెగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ బండి నోరులేనిది కాబట్టి నింద మోసింది. ఆ డొక్కు బండే అమ్మని తినేసిందని షాలిని ఏడ్చి, నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించింది. బండిని వ్యానులోకి ఎత్తేటప్పుడు ఒక పక్క పట్టింది ఏసుదానమే.

అప్పటి నుంచి అతను నడిచి వెళ్ళగలిగిన చోట్లే పని ఒప్పుకుంటున్నాడు. షాలినికి విజయనగరంలో నర్సు ఉద్యోగం, హాస్టల్లో ఉంటోంది. వారం క్రితం వచ్చి, ఖాళీ ఉప్పు డబ్బా చూసింది. తర్వాత ఒక మాట చెప్పింది. హాస్టలు వదిలేసి ఇంటికొచ్చేస్తాననీ, రోజూ ఇక్కడినుంచే డ్యూటీకి వెళ్తాననీ, తెల్లవారుజామున రెండు మైళ్ళ అవతల మెయిన్ రోడ్డు దాకా నాన్న దింపితే ఆరింటి బస్సు అందుకుంటాననీ. అయితే బండి మాత్రం మంచిది కావాలి. పాతదైనా ఫరవాలేదు, శుభ్రంగా చూసుకున్నదై ఉండాలి. ఏసుదానం సరే అన్నాడు.

అదీ సంగతి. బండి వస్తే కూతురు ఇంటికొస్తుంది. వచ్చి, క్లచ్ వైరు తెగిందనే నమ్మకంతో రోజూ తన వెనకాల కూర్చుంటుంది. నిజం చెబితే అసలు రాదేమో. ఈ రెండింటిలో తను దేనికి భయపడుతున్నాడో కూడా అతనికి సరిగా తెలియలేదు.

బండి యజమాని ధర్మారావుగారిది గజపతినగరం బజారులో కిరాణా కొట్టు. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, బండి మీద కాలు వేసే ఓపిక లేదు. కొట్టు వెనక వసారాలో బండి మీద రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఆయన మొదటిది తీశాడు, రెండోది మడత పెట్టి పక్కన పెట్టాడు. నల్ల బండి, పద్నాలుగేళ్ళది. పెళ్ళికూతుర్ని చూపించినా ఇంత తతంగం ఉండదని శివాజీ ఏసుదానం చెవిలో అన్నాడు.

శివాజీ వంగి గొలుసు చూశాడు, టైర్లు గోరుతో గీకి చూశాడు, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి పొగ చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ధర్మారావుగారు బండికి ఏనాడూ గొట్టంతో నీళ్ళు కొట్టలేదట, తడిబట్టతో తుడిచి పొడిబట్టతో ఆరబెట్టేవాడట. నడిపినా నడపకపోయినా రోజూ పొద్దున్న పదినిమిషాలు ఇంజను తిప్పేవాడట. సొంత తమ్ముడు అడిగితే బస్సు టికెట్టుకి డబ్బులిచ్చాడుగాని బండి ఇవ్వలేదట. ఏసుదానం అన్నిటికీ తల ఊపాడు.

టీ తెచ్చిన ఆయన భార్య పార్వతీదేవిగారు గోడకి ఆనుకుని నిలబడింది. బండిని చూస్తూ, "పద్నాలుగేళ్ళు దీనెనకాల కూకున్నాను నాను. కుదుపన్నది ఎరగను" అంది.

టీ గ్లాసు ఏసుదానం చేతిలో ఉంది. అది వేడిగా ఉందో చల్లారిందో అతనికి తెలియలేదు.

అప్పుడు ధర్మారావుగారు అడిగాడు.

"నీ ఎనకాల ఎవురు కూకుంటారు బాబూ?"

"మా అమ్మాయండి."

"అయితే ఒకటి సెప్తాను ఇనుకో." ఆయన స్టూలు మీద కూర్చునే ఎడమ చెయ్యి వెనక్కి చాపి చూపించాడు. "బండి న్యూట్రల్లోనే ఉంచాల. ఇలగ సెయ్యి ఎనక్కెట్టి, ఈవిడ మోకాలు తగిల్తాదో నేదో సూసుకుంటాను. తగిల్తేనే ఆ సెయ్యి క్లచ్ మీదకి పోవాల. కూకున్నాను, పోనీ అని ఈవిడంటాది. మాటకేటి బాబూ, మాట ఎటేపు నుంచైనా వస్తాది. మనిషుందో నేదో సెయ్యే సెప్పాల."

టైర్లలో గాలి ఎంత ఉంచాలో చెప్పినట్టే చెప్పాడు. ఏసుదానమూ గాలి లెక్క విన్నట్టే విని తల ఊపాడు. ఒక జానెడు దూరం. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా చెయ్యి వెనక్కి పెట్టాలన్న ఆలోచన తనకి రాలేదు. ఆ ఆలోచన లోపల ఎక్కడో దిగింది, దిగినచోట నొప్పి పుట్టలేదు.

ఒకసారి నడిపి చూడమంటే ఎక్కాడు. పదకొండు నెలల తర్వాత చేతులకి హ్యాండిలు దొరికింది. ఒక్క కిక్కుకే బండి అందుకుంది. గేరులో వేసి, క్లచ్ పట్టుకుని, అలాగే ఉండిపోయాడు. ఇంజను మెత్తగా తిరుగుతోంది. ధర్మారావుగారు చూస్తున్నాడు, పార్వతీదేవిగారు చూస్తోంది.

"ఏటి బావా, కదలవేటి?" అన్నాడు శివాజీ.

తను ఆ మాట కోసం ఆగి ఉన్నాడని ఏసుదానానికి అప్పుడు తెలిసింది. క్లచ్ వదిలి, రాయగడ రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి తిరిగొచ్చాడు. బండి బాగుంది. అంతవరకు తెలిసింది.

బేరం పెద్దగా సాగలేదు. కాగితాల మీద సంతకాలు అయ్యాక, బండి ముందు దీపం మీదున్న పసుపూ కుంకుమా వైపు పార్వతీదేవిగారు ఒకసారి చూసి, మీవాళ్ళు ఇవి ఉంచుకోరు కదా అని, అతను చెప్పబోయేలోగా తనే కొంగుతో మెల్లగా తుడిచేసింది. ధర్మారావుగారు తుడిచే బట్టలు రెండూ మడిచి ఇచ్చాడు. ఏది తడిదో ఏది పొడిదో మళ్ళీ చెప్పాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆ ముసలాయన అరుగు మీదే నిలబడి ఉన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బండి ట్యాంకు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. పాత బండివల్ల జరిగిన నష్టాన్ని తలుచుకుని, ఇంత మంచి బండిని అనుగ్రహించినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. ఏసుదానమూ అన్నాడు. గేటు దిమ్మ అక్కడే, రెండు బారల దూరంలో ఉంది. ఆ సాయంత్రమే షాలిని ట్రంకుపెట్టె, రెండు సంచులతో ఇంటికి వచ్చేసింది. ఉప్పు డబ్బా నింపింది.

సోమవారం తెల్లారుతూ ఉండగా బండి బయటికి తీసి, స్టార్టు చేసి, న్యూట్రల్లో ఉంచాడు. మంచు పలచగా ఉంది. షాలిని బ్యాగు భుజానికి తగిలించుకుని, యూనిఫాం మీద స్వెట్టరు వేసుకుని వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మంచి బండి దొరికింది నాన్నా" అంది. ఎక్కింది. "కూర్చున్నాను."

ఏసుదానం కదల్లేదు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టాడు. కూతురి మోకాలు తగిలింది. మనిషి ఉంది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం అతని మొద్దు చేతికి తెలిసింది.

చెయ్యి ముందుకి తెచ్చి క్లచ్ మీద వెయ్యబోయాడు, కాలేదు. ఇంజను ఆపేశాడు.

"ఏమైంది నాన్నా? బస్సు పోతుంది."

"ఆ బండి మంచిదేనమ్మా," అన్నాడు ముందుకే చూస్తూ.

"ఏ బండి?"

"పాతది. క్లచ్ వైరు తెగనేదు. నానే వదిలేసినాను." ఆగాడు. ఈసారి తల ఊపితే చాలదని అతనికి తెలుసు. "ప్రిస్కిల్లమ్మగారు ముందు కనపడనేదేటని అడిగింది. మీ అమ్మ ఎనకాల కూకున్నాను అన్నాది. ఆయమ్మతో అన్నాది. నాతో అనుకున్నాను."

షాలిని బండి దిగింది.

దిగి, నాలుగడుగులు వేసి, రోడ్డు మీద అతనికి వీపు పెట్టి నిలబడింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. ఏడుస్తోందో లేదో వెనకనుంచి తెలియలేదు. ఎదురింట్లో దాలమ్మ వాకిలి ఊడ్చుకుంటూ ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ ఊడ్చుకుంది. ఇక సంచులు తిరిగి సర్దుకుంటుంది, ఇంత మంచి బండి ఎవరికి పనికొస్తుంది అనుకున్నాడు ఏసుదానం. దిగకుండా దాని మీదే ఉన్నాడు.

చాలాసేపటికి షాలిని ఇటు తిరిగింది. ముఖం తుడుచుకోలేదు.

"పదకొండు నెలలు నాన్నా," అంది. "ఆ బండిని తిట్టని రోజు లేదు నేను."

ఆమె దగ్గరికి వచ్చి హ్యాండిలు పట్టుకుంది.

"ఎనక్కి జరుగు."

చర్చి గ్రౌండులో ఆ పాత బండి మీదే కూతురికి గేర్లు వెయ్యడం నేర్పింది అతను. ఆడపిల్లకి మోటారుసైకిలేమిటని ఏసమ్మ గొణిగేది, గొణుగుతూనే పక్కన పరిగెత్తేది. ఏసుదానం దిగాడు. షాలిని బ్యాగు అతని చేతికిచ్చి, ముందు ఎక్కి, కిక్కు కొట్టింది. బండి వెంటనే అందుకుంది. ఆమె భుజం ఆనుకుని అతను వెనక ఎక్కాడు. పెళ్ళయిన దగ్గరనుంచి అతను ఎవరి వెనకా కూర్చోలేదు. కాళ్ళు ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నాడు, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

గేరు పడిన చప్పుడు వినిపించింది. బండి మాత్రం కదల్లేదు. బస్సుకి వేళవుతోంది, ఈ పిల్ల ఎందుకు ఆగిందో అతనికి బోధపడలేదు.

షాలిని తల కొంచెం పక్కకి తిప్పింది.

"కూకున్నావా నాన్నా?"

ఇరవై రెండేళ్ళు వీపు వెనకనుంచి అతను విన్న మాట అది, తన నోటితో ఎన్నడూ అన్నది కాదు. కూతురు తొందరపెట్టలేదు. క్లచ్ పట్టుకుని అలాగే ఉంది. పదకొండు నెలల ఏడుపూ ఒక్కసారి పైకొచ్చింది. ఆ ఏడుపులోంచే అన్నాడు.

"కూకున్నానమ్మా. ఎనకాల కూకున్నాను."

షాలిని మెల్లగా క్లచ్ వదిలింది.